నొప్పి పొద్దుటా, సాయంత్రమా?

సోమవారం ఉదయం ఏ పెద్దాసుపత్రి ఎముకల విభాగం ముందైనా కాసేపు నిలబడి చూడండి. వరుసలో ఉన్న చాలామంది చేతుల్లో పెద్ద పెద్ద కవర్లుంటాయి. వాటిలో ఎక్స్‌రేలు, ఎమ్మారై ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, మూడు ఊళ్ల డాక్టర్లు రాసిన చీటీలు. గదిలోకి వెళ్లగానే ముందు ఆ కవరు బల్ల మీదికి చేరుతుంది. "నడుం నొప్పి సార్, డిస్కు జరిగిందన్నారు" అని ఒకరంటే, "మోకాళ్లలో గుజ్జు అరిగిందంట సారూ" అని ఇంకొకరు. డాక్టరు ఫిల్ము పక్కన పెట్టి, "నొప్పి పొద్దున లేవగానే ఎక్కువా, పనిచేసి వచ్చాక సాయంత్రం ఎక్కువా?" అని అడిగారంటే మనిషి తడబడతాడు. "ఎప్పుడూ ఉంటది సార్" అంటాడు. అప్పుడు పక్కనున్న భార్య అందుకుంటుంది. "లేదండీ, తెల్లారుజామున లేచి కూర్చుంటారు. పది దాటాక మామూలుగానే తిరుగుతారు."

ఆ ఇల్లాలు చెప్పిన రెండు ముక్కల్లో కవరు మొత్తంలో కంటే ఎక్కువ సమాచారం ఉంది.

ఏళ్ల తరబడి నడుమూ కీళ్లూ పట్టుకుని తిరిగేవాళ్లకు మన దగ్గర తట్టడానికి తలుపులు తక్కువేం కాదు. వీధి చివర మెడికల్ షాపు ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉన్నాడు. పట్నంలో ఎముకల డాక్టరు, నరాల డాక్టరు, ఫిజియోథెరపీ క్లినిక్కు, తైలం పోసే ఆయుర్వేద కేంద్రం, బస్టాండు దగ్గర పసరు మందు అమ్మేవాడు. ఏది ముందు తట్టాలో చెప్పేది మాత్రం నొప్పి నడిచే తీరే. ఎప్పుడు మొదలైంది, రోజులో ఏ వేళకు పెరుగుతుంది, కదిలితే తగ్గుతుందా హెచ్చుతుందా, ఎక్కడి నుంచి ఎక్కడికి పాకుతుంది? ఇవి రోగికి తప్ప ఇంకెవరికీ తెలిసే సంగతులు కావు. మనం మాత్రం వాటిని ఇంట్లో వదిలేసి ఫిల్ము పట్టుకుని వెళ్తున్నాం.

'ఏమీ లేదన్నారు'

2020 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి ఉంది. 2050 నాటికి ఇది 84 కోట్లు దాటుతుందని అంచనా. మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో అన్నిటికంటే ముందున్నది ఇదే. గుండెపోటుకూ క్యాన్సర్‌కూ భయపడినట్టు నడుము నొప్పికి ఎవరూ భయపడరు, ఎందుకంటే అది చంపదు. కాకపోతే కూలి పోగొడుతుంది, నిద్ర పోగొడుతుంది, బిడ్డను ఎత్తుకోనివ్వదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఇంకో మాట వినడానికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. నూటికి సుమారు తొంభై నడుము నొప్పుల్లో ఇదీ కారణం అని వేలుపెట్టి చూపించగల లోపం దొరకదు. కండరం, కీలు, డిస్కు, నరం అన్నిటికీ కొంచెం కొంచెం పాత్ర ఉండొచ్చు. నిద్రలేమికీ దిగులుకూ కూడా వాటా ఉంటుంది. డాక్టరు ఇదే మాట చెబితే రోగి చెవికి "నీకేమీ లేదు" అని వినిపిస్తుంది. ఇంటికొచ్చాక అది "ఏమీ లేదన్నారుగా, ఇంకా ఎందుకు మూలుగుతావ్?" అవుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలైతే పని ఎగ్గొట్టడానికి వేషాలన్న మాట కూడా పడాలి.

కారణం కనిపించనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అన్నాళ్లు సాగాక మొదట దెబ్బతిన్న చోటు మానినా, నొప్పిని మోసే నరాల వ్యవస్థ మాత్రం అతిగా మేలుకొని ఉంటుంది. చిన్న కదలికకూ పెద్దగా అరుస్తుంది. అప్పుడు మనిషి భయపడి కదలడం మానేస్తాడు. కదలక కండ బలహీనపడుతుంది, బలహీనపడిన కండ ఇంకాస్త నొస్తుంది. ఈ వలయం ఏ స్కానింగులోనూ పడదు.

ఫిల్ము చెప్పేది, చెప్పనిది

పరీక్ష చేయించుకున్న ప్రతివాళ్ల నోటా ఇప్పుడు నాలుగు మాటలు వినిపిస్తాయి. డిస్కు ఉబ్బింది, గ్యాపు తగ్గింది, నరం నొక్కుకుంది, అరుగుదల మొదలైంది. ఆ మాటలు విన్నాక బిందె ఎత్తాలంటే భయం, బండెక్కాలంటే భయం.

2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీలో వచ్చిన ఒక పరిశీలన ఈ భయం పట్టుకున్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. 33 అధ్యయనాల నుంచి 3,110 మంది స్కానింగులను పోగేసి చూశారు. వాళ్లెవరికీ నడుము నొప్పి లేదు. అయినా ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 37 మందికి డిస్కు అరుగుదల, 30 మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. యాభై ఏళ్లకు ఆ అంకెలు 80, 60. ఎనభై ఏళ్లు వచ్చేసరికి 96, 84. అంటే ఏ బాధా లేకుండా నడుస్తున్న యాభై ఏళ్ల మనిషిని పట్టుకెళ్లి స్కాన్ తీసినా రిపోర్టులో ఏదో ఒకటి రాయాల్సినంత ఉంటుంది. రాసింది అబద్ధం కాదు. దానికీ ఈయన నొప్పికీ చుట్టరికం ఉందా అన్నదే తేలాలి. అది తేలేది పడుకోబెట్టి, కాలెత్తించి, మడమల మీద నడిపించి, తాకితే స్పర్శ తెలుస్తోందో లేదో చూస్తేనే. పది నిమిషాల పని. రద్దీ ఓపీలో ఆ పది నిమిషాలకే కరువు. అందుకే స్కాన్ రాయడం తేలికైపోయింది. రోగి కూడా "స్కాన్ రాయలేదు, ఏం డాక్టరు" అని సణుగుతాడు, అది వేరే సంగతి.

అలాగని స్కాన్ వద్దనడం లేదు. కొన్ని గుర్తులు కనిపిస్తే వెంటనే తీయించాల్సిందే. నడుము నొప్పితోపాటు మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మర్మావయవాల చుట్టూ మొద్దుబారడం, పాదం పైకి లేవకుండా వేలాడటం కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకూడదు. నరాల కట్ట నలుగుతోందని అర్థం. గంటలు గడిచేకొద్దీ కాళ్లకూ మూత్రాశయానికీ ముప్పు పెరుగుతుంది. గతంలో క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, ఏళ్లుగా స్టిరాయిడ్లు వాడుతున్నవాళ్లు, కిందపడ్డాక నొప్పి మొదలైన పెద్దవయసు ఆడవాళ్లు కూడా పరీక్ష దాటవేయకూడదు. నెలసరి ఆగిన తర్వాత ఎముక గుల్లబారి, చిన్న కుదుపుకే వెన్నుపూస నలిగిపోవడం మన ఇళ్లలో జరుగుతూనే ఉంటుంది. వయసు మీద పడింది, నడుం వంగింది అని సరిపెట్టుకుంటాం.

మన దేశంలో ఈ జాబితాలో ముందువరసలో ఉండాల్సింది క్షయ. వెన్నెముకకు వచ్చే క్షయను ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ 1779లోనే వర్ణించాడు. ఆయన పేరే ఆ జబ్బుకు నిలిచిపోయింది. వెన్నులో ఒకేచోట వదలని నొప్పి, రాత్రిళ్లు హెచ్చడం, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గిపోవడం, ఆకలి చచ్చిపోవడం దాని గుర్తులు. దగ్గు ఉండితీరాలని లేదు. ముందుగా పట్టుకుంటే చాలామందికి మందులతోనే నయమవుతుంది, ఆ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఆలస్యమైతే పూసలు కుంగి గూని వస్తుంది, కాళ్లు పడిపోయే ప్రమాదమూ ఉంది.

ముప్పై ఏళ్లకే ముసలి నడుము

మొదటి ప్రశ్న దగ్గరికి మళ్లీ వద్దాం. నొప్పి పొద్దుటా, సాయంత్రమా?

పనిచేసేకొద్దీ పెరిగి, నడుం వాల్చగానే తగ్గేది ఒక రకం. మనలో ఎక్కువ మందికి వచ్చేది ఇదే. రెండో రకం సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది. పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పి లేపేస్తుంది. లేచాక అరగంట, గంట నడుము కర్రలా బిగుసుకుంటుంది. కాసేపు తిరిగి, వేణ్నీళ్లు పోసుకున్నాక గానీ వదలదు. పిరుదుల లోపల ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు మార్చి మార్చి నొస్తుంది. ఇరవైల్లోనో ముప్పైల్లోనో నెమ్మదిగా మొదలై, నెలలు గడిచినా పోదు.

దీని పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. శరీర రక్షణ వ్యవస్థ తన కీళ్ల మీదే తిరగబడటం వల్ల వచ్చే వాపు జబ్బు. చాలామందిలో వెన్నెముక కటి ఎముకతో కలిసే కీళ్ల దగ్గర మొదలవుతుంది. పట్టించుకోకపోతే కొందరిలో ఏళ్ల మీద పూసలు ఒకదానికొకటి అతుక్కుని, వెన్ను ఒకే ఎముకలా గట్టిపడిపోతుంది. మెడ తిప్పి వెనక్కి చూడటం కూడా కష్టమవుతుంది.

ఈ జబ్బున్న కుర్రాళ్ల కథ దాదాపు ఒకేలా నడుస్తుంది. ముందు ఇంట్లో తీర్పు: "ఆ బండి తిరగడం తగ్గించరా, ఆ ఫోను పక్కన పెట్టు." ఆఫీసులో కుర్చీ మారుస్తారు. ఎముకల డాక్టరు నొప్పి బిళ్లలు రాస్తారు, వేసుకున్నన్నాళ్లు హాయిగా ఉంటుంది, ఆపితే మళ్లీ మొదలు. నడుము స్కాన్ తీస్తే మామూలుగా ఉందంటారు, జబ్బు మొదలైన కింది కీళ్లను ఆ స్కానులో ఎవరూ వెతకలేదు కాబట్టి. పదిహేను రోజులు మంచం మీద విశ్రాంతి అంటారు. ఈ జబ్బుకు విశ్రాంతే శత్రువు, నొప్పి రెట్టింపవుతుంది. మధ్యలో ఒకసారి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేనంత పోటు పెడుతుంది. కంటి డాక్టరు చుక్కలు వేసి తగ్గిస్తారు. ఆ కంటికీ ఈ నడుముకూ మూలం ఒకటేనని ఇద్దరిలో ఎవరో ఒకరు అడిగి తెలుసుకోవాలి, ఎవరూ అడగరు. ఇలా జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోవడం ప్రపంచమంతటా ఉన్నదే. ఆడవాళ్ల విషయంలో ఇంకా ఆలస్యం, ఇది మగవాళ్ల జబ్బన్న పాత అభిప్రాయం వల్ల.

హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువుకూ దీనికీ ఉన్న సంబంధం 1973లో బయటపడింది. ఇప్పుడు ఆ రక్తపరీక్ష పట్టణాల్లోనూ దొరుకుతోంది. అయితే ఆ పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడూ ఈ జబ్బు రాదు. నెగటివ్ వచ్చినా జబ్బు ఉండొచ్చు. మళ్లీ అదే మాట: పొద్దుటి బిగుతు కథ ముందు, కాగితం తర్వాత.

ఈ కథ తన కథలా ఉందనిపించినవాళ్లు వెళ్లాల్సింది రుమటాలజిస్టు దగ్గరికి. ఎముకల డాక్టరు శస్త్రచికిత్సలు చేసేవారు, రుమటాలజిస్టు కీళ్ల వాపు జబ్బులకు మందులతో వైద్యం చేసేవారు. ఈ తేడా తెలియక ఎన్నో ఏళ్లు వృథా అవుతున్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. జిల్లాల్లో ఈ వైద్యులు ఇప్పటికీ అరుదే, అందుకే ఊళ్లోని ఎండీ డాక్టరైనా అనుమానించి సరైన చోటికి పంపగలగాలి. నొప్పి బిళ్లలు, రోజూ వ్యాయామం, పొగ మానేయడం మొదటి మెట్టు. వాటికి లొంగకపోతే బయలాజిక్స్ అనే ఖరీదైన ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటిలో ఒకటైన అడాలిముమాబ్‌కు దేశీయ రూపాన్ని 2014 డిసెంబరులో అహ్మదాబాద్ కంపెనీ జైడస్ తెచ్చాక ధర దిగింది. దిగినా మధ్యతరగతికి అది ఇప్పటికీ బరువే. ఆ ఇంజెక్షను మొదలుపెట్టే ముందు ఒంట్లో క్షయ దాగి ఉందేమో చూసి తీరాలి. ఎందుకని అడిగి తెలుసుకోండి, అడిగినందుకు ఏ మంచి డాక్టరూ విసుక్కోరు.

వేళ్లూ మోకాళ్లూ

కీళ్ల విషయంలోనూ ఇదే ప్రశ్న పనికొస్తుంది. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోక, చపాతీ పిండి కలపలేక, జాకెట్టు హుక్కు పెట్టుకోలేక, గంట గడిచాక గానీ చేతులు స్వాధీనంలోకి రాకపోతే, రెండు చేతుల్లోనూ ఒకే కణుపులు వాచి ఉంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. మొదటి నెలల్లో మందు పడితే కీలు నిలుస్తుంది, వంకర తిరిగాక మందు దాన్ని సరిచేయలేదు. దీనికి ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చీటీ మీద వారంలో ఏ రోజో రాయించుకుని, దాన్ని ఇంట్లో చదువుకున్నవాళ్లతో ఇంకోసారి చదివించుకోవాలి.

రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్వలేనంత పోటు పెడితే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌట్‌ను అనుమానించాలి. జ్వరం తగ్గాక నెలల తరబడి కీళ్లు పట్టేసిన జ్ఞాపకం 2005-06లో ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన చికున్‌గున్యాను చూసినవాళ్లందరికీ ఉంది. మెట్లెక్కినప్పుడు, కింద కూర్చుని లేచినప్పుడు నొచ్చి, కూర్చుంటే తగ్గే మోకాలు మాత్రం అరుగుదలది. పొద్దుటి బిగుతు దీనికీ ఉంటుంది గానీ కొద్ది నిమిషాల్లో పోతుంది.

నీళ్లలో ఉన్న జబ్బు

నడుము నొప్పి గురించి తెలుగులో రాస్తూ ఫ్లోరైడ్‌ను దాటిపోవడం కుదరదు. మన దేశంలో నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను పట్టేస్తోందని వైద్య లోకానికి మొదట తెలిసింది తెలుగు నేల మీదనే. అప్పటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి వైపు పశువులూ మనుషులూ బిగుసుకుపోతున్నారని తెలిసి పరిశీలించిన షార్ట్ అనే పరిశోధకుడి బృందం, 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఆ సంగతి రాసింది. ఆ తర్వాత నల్లగొండ పేరు ముందుకొచ్చింది. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో పళ్లు గారపట్టి, వెన్ను వంగక, మెడ తిరగక మంచాన పడ్డ మనుషుల ఫొటోలు ఒక తరమంతా పత్రికల్లో చూసింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు ప్రపంచమంతటా స్థిరపడింది. జిల్లాకు దక్కిన కీర్తి ఇదీ.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదు తాగితే మొదట కనిపించేది నడుం బిగుతు, కీళ్ల నొప్పులే. దీన్ని పైన చెప్పిన స్పాండిలైటిస్‌గా పొరబడటం తేలిక. 2016 నుంచి మిషన్ భగీరథ పైపుల్లో నది నీళ్లు వస్తున్న పల్లెల్లోనూ పాతికేళ్లు బోరు నీళ్లు తాగిన వెన్నెముకలున్నాయి. నీళ్లు మారగానే వెన్ను మారదు. కాబట్టి ఆ ప్రాంతాలవాళ్లు ఏ పట్నంలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, అడగకపోయినా సరే, చిన్నప్పుడు ఏ ఊళ్లో ఏ నీళ్లు తాగారో చెప్పాలి. హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టరుకు అది ఫిల్ము చూస్తే గుర్తుకు రావచ్చు, రాకపోవచ్చు.

సూదీ, పొడీ

"ఒక్క సూదేస్తే లేచి నడిచా." పల్లెల్లో నొప్పుల వైద్యం గురించి ఇంతకంటే ఎక్కువగా వినిపించే మాట లేదు. ఆ సూదిలో తరచూ రెండు రకాల మందులుంటాయి. ఒకటి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు, రెండోది స్టిరాయిడ్. స్టిరాయిడ్ గొప్ప మందే, చేయాల్సిన చోట ప్రాణం నిలబెడుతుంది. పేరూ మోతాదూ చెప్పకుండా నెలల తరబడి పొడిస్తేనే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, తుంటి ఎముకకు రక్తం అందక కుళ్లిపోవచ్చు కూడా. నొప్పికి చేసిన వైద్యమే ఎముకను తినేస్తుందన్నమాట. కొన్ని 'మూలికా' పొడుల్లోనూ ఇదే స్టిరాయిడ్ కలిపి అమ్ముతారు. ఏ పొడి వేసుకున్న రెండు రోజులకే పదేళ్ల నొప్పి మాయమైందో ఆ పొడిని అనుమానించాలి. అయితే చాలాకాలం వాడినవాళ్లు ఇది చదివి రేపే మానేయకూడదు. స్టిరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలిపోవచ్చు. డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించాలి. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి తలుపు తీసేది అతనే. అడగాల్సింది మందు పేరు.

డైక్లోఫెనాక్ గురించి ఒక పక్క కథ. పశువులకు ఈ సూది వేసేవారు. ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోతున్నాయని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని మన దేశం నిషేధించింది. అప్పటికే మన ఆకాశంలో రాబందులు దాదాపు ఖాళీ అయ్యాయి. మనిషి రాబందు కాదు, నాలుగు రోజులు వేసుకుంటే ఏమీ కాదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసేవాళ్లు మెడికల్ షాపులో కొనుక్కుని ఏడాది పొడవునా మింగితే మాత్రం మూత్రపిండాలకూ కడుపుకూ చేటు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇన్నివేల మందికి కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో ఇంకా తేలలేదు. ఆ ప్రాంతానికి వెళ్లిన వైద్యులు నొప్పి బిళ్లలు వద్దని మొదట చెప్పడానికి కారణం మాత్రం ఇదే.

ఇంటి వైద్యం మీద నాకు కోపం లేదు. వావిలాకు వేసి కాచిన నీళ్లు, ఉప్పుమూట కాపడం, ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు, నువ్వుల నూనె మర్దన ఏవీ జబ్బును తీయలేవు గానీ కండను సడలిస్తాయి, రాత్రి నిద్ర పట్టిస్తాయి. అది తక్కువ సాయం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తెలుగు పత్రికా రంగం నొప్పి మందుకు కొంత బాకీ ఉంది కూడా! ఇక మిరపలోని ఘాటుతో చేసే పైపూత మందును నడుము నొప్పికి వాడి చూడొచ్చని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. గుంటూరువాళ్లు వంటింట్లోకి పరిగెత్తకండి, అది మోతాదు కట్టి తయారుచేసిన మందు.

మంచం దిగడమే మందు

1986లో అమెరికాలో కొత్తగా నడుము పట్టేసినవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టును రెండు రోజులు, ఇంకో జట్టును ఏడు రోజులు మంచం మీద ఉండమన్నారు. నొప్పి తగ్గడంలో తేడా లేదు. ఎక్కువ పడుకున్నవాళ్లకు ఎక్కువ పనిదినాలు పోయాయి, అంతే. 1995లో హెల్సింకి నగరపాలక ఉద్యోగుల మీద ఇంకో ప్రయోగం చేశారు. పడుకున్నవాళ్ల కంటే, ప్రత్యేక వ్యాయామాలు చేసినవాళ్ల కంటే, ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. ఈ రెండూ వచ్చి దశాబ్దాలు దాటినా మన చీటీల మీద 'పూర్తి విశ్రాంతి' ఇంకా కనిపిస్తూనే ఉంది.

దీర్ఘకాలిక నడుము నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి వరసలో పెట్టినవి వ్యాయామం, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, భయం తగ్గించే మానసిక చికిత్స, మర్దన. మామూలు వైద్యంలో వద్దన్న వాటిలో నడుముకు కట్టే బెల్టు, బరువు కట్టి లాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్ కరెంటు ఉన్నాయి. మన ఊళ్లలో ఫిజియోథెరపీ అంటే 'పది రోజులు కరెంటు పెట్టించుకోవడం'. ఆ పది రోజులూ కరెంటు కంటే ఫిజియోథెరపిస్టు నేర్పే నాలుగు కదలికలే విలువైనవి. అవి నేర్పకుండా మిషను పెట్టి పంపేస్తున్నారంటే, నేర్పమని అడగడం రోగి హక్కు. నేర్చుకున్నాక ఆరు వారాలైనా ఇంట్లో చేయాలి. మొదట్లో కాస్త నొచ్చినా అది గాయం కాదు.

ఇక్కడ నాకొక చిక్కుంది. "వంగకండమ్మా, బరువులెత్తకండి" అని డాక్టరు చెప్పే మాట వరి మడిలో చెల్లదు. నాట్ల కాలంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగే ఉంటారు. నాటు వంగే వేస్తారు, కూలి రోజుకింత అని ఇస్తారు. చీరాల, మంగళగిరి, పోచంపల్లి గుంట మగ్గాల మీద కాళ్లు గుంటలో పెట్టి గంటలు గంటలు కూర్చునే నేతగాడికి "గంటకోసారి లేవండి" అన్నా అంతే. అదే పని, అదే భంగిమ, రాత్రి నాలుగు గంటల నిద్ర అయితే ఏ కండరం కోలుకుంటుంది? "పొలం పని చేస్తున్నాం, మాకు వేరే వ్యాయామం ఎందుకు?" అంటారు. వంగిన నడుమును రెండు చేతులూ ఆనించి వెనక్కి వంచడం, బోర్లా పడుకుని ఛాతీ లేపడం, కుర్చీ లోంచి చేతి సాయం లేకుండా పదిసార్లు లేవడం పొలంలో జరగవు. ముఠా మేస్త్రీ గంటకు రెండు నిమిషాలు ఆపితే నాటు ఆలస్యం కాదు. మందు చీటీ రాసే డాక్టరు ఆ మాట మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పగలిగితే బాగుండును. చెప్పరు.

కోత దాకా వచ్చాక

డిస్కు జారి నరం మీద పడి, పిరుదు నుంచి పిక్క దాకా జివ్వుమని లాగే సయాటికా కూడా చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. జారిన ముక్కను శరీరమే మెల్లగా కరిగించుకోవడం మళ్లీ తీసిన స్కానుల్లో కనిపిస్తుంటుంది. రెండు మూడు నెలలైనా కాలి నొప్పి ఓర్చుకోలేనంతగా ఉంటే, కాలు బలహీనపడుతుంటే ఆపరేషను ఆలోచించాలి. అది కాలి నొప్పికి బాగా పనిచేస్తుంది. కాలికి పాకని ఒట్టి నడుము నొప్పికి కోత అన్నప్పుడు ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టొద్దు.

మోకాలి మార్పిడి సంగతి వేరు. అన్నీ చేసి చూశాక, రాత్రి నిద్ర కూడా పట్టని మోకాలికి అది మంచి వరం. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరకు పరిమితి పెట్టింది. అంతకు ముందు లక్షన్నర దాకా పలికిన మామూలు రకాన్ని పన్నులు కాకుండా 54,720 రూపాయలకు దించారు. ఆసుపత్రి బిల్లు మాత్రం ఇంప్లాంటుతో అయిపోదు, అందుకే ముందే మొత్తం లెక్క రాయించుకోవాలి. అంతదాకా రాకముందే చేయాల్సినవీ ఉన్నాయి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ ముందు కండరం బలపడితే మెట్లు తేలికవుతాయి. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే దాన్ని మార్చడం మందుల ఖర్చు కంటే మెరుగైన ఖర్చు.

చేతికర్ర దగ్గర మాత్రం మనవాళ్లు మొండికేస్తారు, చూసేవాళ్లు ముసలివాళ్లయిపోయారనుకుంటారని. పట్టుకున్నవాళ్లలో కూడా చాలామంది తప్పు చేత్తో పట్టుకుంటారు. కుడి మోకాలు నొస్తే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, నొచ్చే కాలూ కర్రా కలిసి ముందుకు పడాలి. నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు మడత ఎక్కడుందో కర్ర పిడి అక్కడికి రావాలి. అడుగున రబ్బరు బుడిపె అరిగిందేమో నెలకోసారి తిప్పి చూసుకోవాలి, కొత్తది మెడికల్ షాపులోనే దొరుకుతుంది.